పంట ఎవరిదో వారే రైతు
కృష్ణా జిల్లా మెట్ట సేద్యంపై స్మారకోపన్యాసం

ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారిని స్మరించుకునే సభలో సేద్యం గురించి మాట్లాడుకోవడమే ఆయనకు తగిన నివాళి. రైతు కష్టాలన్నీ ఏకరువు పెట్టాలని నేను రాలేదు. ఒక్క విషయమే తీసుకుంటాను. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల వైపు మన ప్రాంతంలో పంట నష్టం సాగు చేసినవారి మీద పడుతోంది. ప్రభుత్వ సాయం పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవారికి చేరుతోంది. సాగుదారు, పట్టాదారు ఒకే కుటుంబమైనంత కాలం పేచీ లేదు. ఇవాళ చాలా ఊళ్లలో అవి రెండు వేర్వేరు కుటుంబాలు. అప్పు, బీమా, నష్టపరిహారం, మద్దతు ధర ఈ నాలుగూ సాగుదారు పేరున నడవాలి. భూమి మీద హక్కు యజమాని పేరున చెక్కుచెదరకుండా నిలవాలి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధం కావని చూపించడమే ఈ ప్రసంగం పని.

రాజాగారి కృషిని ముందుగా తలచుకుందాం. మద్రాసు రాష్ట్రం ఉన్న రోజుల్లో కృష్ణా–పెన్నా పథకం పేరుతో కృష్ణా జలాలను దక్షిణానికి మళ్లించే ఆలోచన బలంగా ఉండేది. నందికొండ దగ్గర ఆనకట్ట కడితే నది రెండు గట్ల మీది మెట్ట భూములూ పండుతాయని ఆయన రైతులను కూడగట్టారు, సొంత డబ్బు ఖర్చుపెట్టారు, ఢిల్లీ దాకా వాదన వినిపించారు. 1952లో ఆనకట్ట స్థలాన్ని చూడటానికి ఖోస్లా కమిటీ వచ్చేనాటికి ఆ చోటికి సరైన దారే లేదు. చుట్టుపక్కల ఊళ్ల జనం శ్రమదానంతో జీపు బాట వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు అదే నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. ఆ ఉద్యమం నుంచి మనం నేర్చుకోవలసిందేమిటంటే, వనరు ఉండటం ఒక ఎత్తు, అది చేరవలసిన చోటికి చేరడం మరో ఎత్తు. అప్పట్లో ఆ వనరు నీరు. ఇప్పుడు ఏటా వేల కోట్ల రూపాయల వ్యవసాయ సాయం కూడా అలాంటి వనరే. అది ఏ పొలానికి, ఎవరి చేతికి చేరుతోందన్న ప్రశ్న అప్పటి నీటి ప్రశ్న అంత పెద్దది.

మన నేల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినా, ఇది కృష్ణా జిల్లా మెట్టగానే జనం నోట నానుతోంది. బెజవాడ దిగువన డెల్టాకు 1850ల నాటి ఆనకట్ట నుంచే కాలువ నీరు ఉంది. ఎగువన ముక్త్యాల, వేదాద్రి పక్కనే కృష్ణ పారుతున్నా, గట్టు మీది చేలు వాన కోసం మొగులు వైపు చూస్తాయి. మన ఎదుటే ఉన్న పులిచింతలలో 45.77 టీఎంసీల నీరు నిలుస్తుంది, కానీ అది ప్రధానంగా డెల్టా స్థిరీకరణకు కట్టిన జలాశయం. సాగర్ ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం దాటి మన దాకా వచ్చేసరికి మనది చివరి ఆయకట్టు. పైన కొరత వస్తే ముందు ఎండేది మన తూములే. వేదాద్రి దగ్గర 2020లో శంకుస్థాపన జరిగిన ఎత్తిపోతల పథకం ఈ లోటు తీర్చాలన్న ఆశతో పుట్టిందే. మునేరు మీద పోలంపల్లి పాత ఆనకట్ట, చిన్నచిన్న ఎత్తిపోతలు, బోర్లు కొంత ఆదుకుంటాయి. మిగతాదంతా వర్షాధారం. అందుకే ఇక్కడ నల్లరేగడిలో పత్తి, మిర్చి, మొక్కజొన్న, కందులు, నీళ్లున్న చోట వరి, ఎవరూ దగ్గరుండి చూసుకోలేని చోట సుబాబుల్. వీటిలో పత్తి, మిర్చి వరి కన్నా పెట్టుబడి ఎక్కువ అడిగే పంటలు, ధర నిలకడ తక్కువ ఉన్న పంటలు. సుబాబుల్ అంత పెట్టుబడి అడగదు, కానీ ధర కోసం నాలుగైదు మిల్లుల వైపు చూస్తుంది.

ఈ భూములను దున్నుతున్నదెవరు? హైదరాబాద్–విజయవాడ రహదారి మన మధ్య నుంచే పోతుంది. చదువులకు, ఉద్యోగాలకు, వ్యాపారాలకు ఊరు విడిచిన కుటుంబాలు ఎన్నో. కొందరు విజయవాడలో, కొందరు హైదరాబాద్‌లో, కొందరు అమెరికాలో. 2014 తర్వాత రాజధాని అమరావతి అనగానే నందిగామ, కంచికచర్ల వైపు ఎకరం విలువ పంట లెక్కతో సంబంధం లేకుండా పెరిగింది. విలువ పెరిగిన భూమిని ఎవరూ అమ్ముకోరు, దూరాన ఉండి సాగూ చేయలేరు. అందుకే కౌలుకు ఇస్తారు. తీసుకునేవారిలో ఎకరం, రెండెకరాల సొంత చేను ఉన్న చిన్న రైతులు, సెంటు భూమి కూడా లేని దళిత, బీసీ కుటుంబాలు ఎక్కువ. జాతీయ నమూనా సర్వే 77వ విడత 2018–19 వ్యవసాయ సంవత్సరానికి వేసిన లెక్కలో, కౌలు భూమి కలిసిన కమతాలు దేశం మొత్తం మీద 17.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. అదే సర్వేలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు దేశంలో 50.2 శాతం, మన రాష్ట్రంలో 93.2 శాతం. ఒక్కో కుటుంబం సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలు, మన దగ్గర 2,45,554 రూపాయలు. కౌలులోనూ అప్పులోనూ ఒకే రాష్ట్రం మొదటి స్థానంలో నిలవడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. వాణిజ్య పంటల పెట్టుబడి, పడిపోయే ధరలు కూడా అప్పుకు కారణాలే. అయితే ఆ భారం కౌలు చేతుల మీద పడినప్పుడు ఎందుకు రెట్టింపవుతుందో వివరంగా చూడాలి.

పత్తి వేసే కౌలు రైతు ఏడాదిని దగ్గరగా గమనించండి. ఉగాది నాటికి కౌలు మాటలు నడుస్తాయి. వరిలో సగపాలు పద్ధతి ఉన్న చోట పంట పోతే యజమానికీ పోతుంది, పండితే ఇద్దరూ పంచుకుంటారు. పత్తికి, మిర్చికి ఆ పద్ధతి దాదాపు లేదు. మక్తా కౌలు రొక్కంగా, చాలాచోట్ల దుక్కి దున్నకముందే కట్టాలి. కాగితం ఉండదు, పెద్దమనుషుల ముందు నోటి మాటే. జూన్‌లో విత్తనాలు, ఎరువులు, తర్వాత మందులు ఊళ్లోని కొట్టులో అరువు. కూలీలకు చేతిలో డబ్బు కావాలి, అది వడ్డీకి తెచ్చేదే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మన ఊళ్లలో మామూలు మాట. లక్ష రూపాయలు పది నెలలు వాడితే వడ్డీ 20,000. అదే లక్షను బ్యాంకు పంట రుణంగా తీసుకుని గడువులోగా కట్టిన రైతుకు కేంద్ర రాయితీలు పోగా పడేది ఏడాదికి 4 శాతం, అంటే పది నెలలకు 3,300 చిల్లర. పక్కపక్క చేలు, ఒకే విత్తనం, ఒకే వాన, ఒకే పురుగు. కౌలు రైతు చేను మీద మాత్రం మక్తా అదనం, వడ్డీ అదనం. దిగుబడి బాగున్న ఏడాది ఈ తేడా పోగా కూలి గిట్టుబాటైతే చాలనిపిస్తుంది. దిగుబడి తగ్గిన ఏడాది అది మరుసటేటి అప్పుకు తొలి మెట్టవుతుంది.

ఇప్పుడు సాయం ఎలా వస్తోందో చూద్దాం. బ్యాంకు పంట రుణం పాసు పుస్తకం మీద పుడుతుంది. రిజర్వు బ్యాంకు పూచీకత్తు లేని వ్యవసాయ రుణ పరిమితిని 2025 జనవరి నుంచి 2 లక్షలకు పెంచింది. మంచి నిర్ణయమే, కానీ తాకట్టు అడగని ఆ రుణానికి కూడా ముందు భూమి కాగితం చూపమంటారు. 2019లో మొదలైన పీఎం కిసాన్ సొంత భూమి ఉన్న కుటుంబాలకే. సరిహద్దు అవతల తెలంగాణలో కోదాడ, మధిర వైపు 2018 నుంచి నడిచిన రైతుబంధు కూడా పట్టాదారులకే. మన రాష్ట్రంలో రైతు భరోసా, ఇప్పుడు అన్నదాత సుఖీభవ పథకాలు కౌలు రైతులకూ తలుపు తెరిచాయి. ఆ మాట ఒప్పుకుని తీరాలి, దేశంలో చాలా రాష్ట్రాలు ఆ పని చేయలేదు. కానీ ఆ తలుపు దాటడానికి పంట సాగుదారు హక్కు పత్రం కావాలి, ఆ పత్రం మీద యజమాని సంతకం కావాలి. రూపాయి ఖర్చు లేని ఆ సంతకం దొరకడమే కౌలు రైతుకు అన్నిటికన్నా కష్టం. సొంత భూమి లేని రైతుకు సాయం ప్రకటించడం సులభం, ఆ రైతును పత్రం మీద గుర్తించడం దగ్గరే పథకం ఆగిపోతోంది.

నష్టం వచ్చిన రోజున ఈ లోపం బయటపడుతుంది. 2024 ఆగస్టు 31న జగ్గయ్యపేటలో కుంభవృష్టి కురిసింది. పాలేరు, మునేరు, వైరా, కట్టలేరు ఒక్కసారిగా పొంగాయి. నందిగామ దగ్గర ఐతవరంలో మునేరు నీరు జాతీయ రహదారిని ముంచి రాకపోకలను ఆపేసింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, బ్యారేజీ చరిత్రలో అదే అత్యధికం. ఏటి ఒడ్డు చేలలో పూత, కాయ మీదున్న పత్తి నీట నానింది, నారుమళ్లు ఇసుక మేట కింద పోయాయి. వరికి హెక్టారుకు 25,000 రూపాయల పెట్టుబడి రాయితీ ప్రకటించారు. నష్టం రాసే జాబితాలో పేరెవరిదైతే డబ్బు వారి ఖాతాకే. ప్రభుత్వం పంటలను రాసుకునే ఈ-క్రాప్ నమోదులో యజమాని పేరుంటే పరిహారం యజమానికి పోతుంది. మంచి మనసున్న యజమాని తీసుకొచ్చి కౌలు రైతు చేతిలో పెడతారు, అలాంటివారు మన ఊళ్లలో తక్కువేం కాదు. అయితే న్యాయం ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు. పంట బీమాదీ ఇదే కథ. కొన్నేళ్లపాటు ప్రభుత్వమే ప్రీమియం కట్టిన పద్ధతి 2024–25 రబీతో పోయింది, రైతు వాటా మళ్లీ వచ్చింది. పేరు లేని రైతు ప్రీమియం కడతానన్నా ఎవరి పేరున కట్టాలి?

ధర విషయంలో లోపం ఇంకా లోతుగా ఉంది, కనిపించదు. 2025–26కి మధ్యరకం పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,710 రూపాయలు. దానికి ప్రాతిపదికగా తీసుకున్న ఖర్చు 5,140. దానికి సగం కలిపితే ఈ ధర వచ్చింది. ఆ ఖర్చు లెక్కలో చెల్లించిన కౌలు కూడా ఉందని అధికారులు చెబుతారు, నిజమే. కానీ అది సగటు. ఊహకు ఒక లెక్క వేద్దాం. పదిమంది పత్తి రైతుల్లో ఇద్దరు ఎకరాకు 20,000 చొప్పున కౌలు కట్టారనుకోండి, మిగతా ఎనిమిది మందివి సొంత చేలు. సగటున ఎకరాకు కౌలు ఖర్చు 4,000గా రాస్తారు. కట్టినవారి చేతి నుంచి పోయిన మిగతా 16,000 ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఎకరాకు 8 క్వింటాళ్లు దిగుబడైతే క్వింటాలుకు 2,000 రూపాయలు. మద్దతు ధరలో ఖర్చు మీద చూపిన మిగులు 2,570. అందులో 2,000 ఆ ఇద్దరి విషయంలో ఉత్త కాగితం మీది మిగులు. సొంత భూమికీ కౌలు విలువ కట్టే సమగ్ర వ్యయం లెక్కన ధర ఇవ్వాలని రైతు సంఘాలు స్వామినాథన్ కమిషన్ పేరెత్తి అడుగుతున్నాయంటే, కౌలు రైతు కోణం నుంచి అది అత్యాశ కాదు, అసలు ఖర్చు తిరిగి రావాలన్న కోరిక. పైగా ఆ మద్దతు ధరైనా అందాలంటే సరుకు భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రం దాకా పోవాలి. అక్కడ తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాకా కోత, దాటితే వెనక్కి. నవంబరు ముసురులో తీసిన పత్తిని ఆరబెట్టడానికి కౌలు రైతుకు కళ్లం కూడా సొంతం కాదు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఈ-క్రాప్ పేరు మూడూ కలవాలి. కలవకపోతే ఊళ్లోకి వచ్చిన వ్యాపారి చెప్పిందే ధర. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు దాకా పొడిగించినప్పుడు, సీసీఐ దగ్గరికి పోలేని రైతే ఆ దెబ్బను నేరుగా తిన్నాడు.

మిర్చిలో ఒడుదొడుకులు మరీ పెద్దవి. 2021–22లో నల్ల తామర పురుగు పూత మీద పడి కృష్ణా, గుంటూరు, ఖమ్మం చేలను ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి, చివరికి చేనే దున్నేసినవారు ఎందరో. 2025 ఫిబ్రవరికి పంట ఉంది, ధర పడిపోయింది. అప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.58 లక్షల టన్నుల వరకు వ్యత్యాసం చెల్లించడానికి ఒప్పుకుంది. ఇలాంటి చెల్లింపుల్లో సరుకు ఎవరి చేను నుంచి వచ్చిందో నమోదే చెప్పాలి. మన మిర్చి రైతు గుంటూరు యార్డుకో ఖమ్మం యార్డుకో పోతాడు. పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారి కొట్టులోనే కాటా పడుతుంది, బాకీ మినహాయించి మిగిలింది చేతికొస్తుంది. ఇక్కడ కౌలు రైతుకు ధర గురించి బేరమాడే శక్తి లేకపోవడానికి కారణం అమాయకత్వం కాదు, బ్యాంకు అప్పు దొరక్కపోవడం. అప్పు దారి మారితే అమ్మకం దారీ మారుతుంది.

సుబాబుల్ సంగతి కూడా ఈ వాదనలో భాగమే. నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు ప్రాంతాల్లో ఈ తోటలు వేల ఎకరాల్లో లేచాయి. కౌలుకిస్తే భూమి పోతుందేమోనన్న భయం, కూలీలను వెతికే తిప్పలు, దూరాన ఉండటం, ఈ మూడింటికీ యజమానులు కనుక్కున్న జవాబు సుబాబుల్. ఒకసారి నాటితే కొట్టిన మోడు మళ్లీ చిగురిస్తుంది. కానీ కొనేది నాలుగైదు కాగితపు మిల్లులు. ఒకప్పుడు ప్రభుత్వ సమక్షంలో టన్నుకు 4,000 పైచిలుకు ధర నిర్ణయమై, మార్కెట్ కమిటీల ద్వారా అమ్మకం సాగింది. తర్వాత దళారులు చొరబడి, రైతు చేతికి అందులో సగం కూడా రాని రోజులు చూశాం. కొట్టి లోడు చేసిన కర్ర డబ్బు ఏళ్ల తరబడి బకాయి పడ్డ రైతులు ఉన్నారు. ఇక్కడ నష్టపోయింది యజమానులే. నిశ్చింతగా కౌలుకు ఇచ్చే చట్టం ఉండి ఉంటే ఆ భూముల్లో కొంతైనా ఆహార పంటలకు, పప్పులకు, ఎందరో భూమిలేని కుటుంబాల జీవనానికి దక్కేది. కౌలు భద్రత లేకపోవడం కౌలు రైతుకే కాక యజమానికీ చేటు చేస్తుందని చెప్పడానికి మన మెట్ట కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? 1956 ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, 1974లో దానికి చేసిన సవరణలు కౌలు రైతు మేలు కోరే వచ్చాయి. ఆరేళ్ల కనీస కౌలు, రాతపూర్వక ఒప్పందం, భూమి అమ్మితే కొనే హక్కు ముందు కౌలుదారుకే. ఉద్దేశం గొప్పదే. ఫలితం తిరగబడింది. హక్కు పుడుతుందన్న భయంతో ఎవరూ కాగితం రాయలేదు, కౌలంతా నోటి మాటకు మారింది. చట్టం కాపాడదలచిన రైతు చట్టానికే కనిపించకుండా పోయాడు. ఈ పాఠం నేర్చుకునే 2011లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. యజమాని సంతకం అవసరం లేకుండా, విచారణ మీద కార్డు ఇచ్చే పద్ధతి అది. కార్డులు వచ్చినా బ్యాంకులు పెద్దగా కదల్లేదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, భూమి మీద ఏ హక్కూ పుట్టదన్న స్పష్టత దానిలోని మేలు. యజమాని సంతకం తప్పనిసరి చేయడం దానిలోని లోపం. ఒక చట్టంలో గుర్తింపు సులభం, భరోసా తక్కువ. మరో చట్టంలో భరోసా ఎక్కువ, గుర్తింపు కష్టం. రెండింటి మేలూ కలపడమే ఇప్పుడు మిగిలిన పని.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది యజమానులది. సంతకం లేకుండా వేరొకరి పేరు నమోదైతే రేపు కోర్టులో మా భూమి గతి ఏమిటంటారు. ఎకరం లక్షలు, కోట్లు పలికే చోట ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అందుకే నమోదు భూమి రికార్డులో కాకుండా పంట రికార్డులో మాత్రమే ఉండాలి. ఒక పంట కాలంతో అది ముగిసిపోవాలి. ఎన్నేళ్లు వరుసగా ఉన్నా స్వాధీన హక్కుకు సాక్ష్యంగా చెల్లదని చట్టంలోనే రాయాలి. 1956 చట్టంలోని ఆరేళ్ల నిబంధన, మొదటి కొనుగోలు హక్కు ఇలాంటి నమోదుకు వర్తించవని తేల్చాలి. బెంగాల్‌లో 1978 తర్వాత బర్గాదార్లకు, అంటే వాటా కౌలుదార్లకు, వారసత్వ సాగు హక్కులిచ్చిన మార్గం వేరు, మనం అడిగేది వేరు. 2016లో నీతి ఆయోగ్ తయారు చేసిన నమూనా కౌలు చట్టం కూడా యజమాని హక్కును కాపాడుతూనే సాగుదారుకు రుణం, బీమా, పరిహారం అందాలని చెప్పింది. యజమానికి ముందుగా నోటీసు వెళ్లాలి, భూమి హక్కు మీద ఆక్షేపణ ఉంటే చెప్పుకునే గడువుండాలి. మౌనంగా ఉండి అడ్డుకునే అధికారం మాత్రం ఉండకూడదు.

రెండో అభ్యంతరం దొంగ కౌలు రైతులు పుట్టుకొస్తారని. పుట్టుకొస్తారు, ఏ పథకంలోనైనా ఆ ప్రమాదం ఉంది. ఇప్పటి పద్ధతిలో సాగు చేయనివారు సాగుదారులుగా రాయించుకోవడం లేదా? ఊళ్లో ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో తెలియనివారు ఉండరు. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదుకు పొలం దగ్గరే ఫోటో, సాగుదారు వేలిముద్ర తీసుకునే ఏర్పాటు ఇప్పటికే ఉంది. దానికి గ్రామసభలో జాబితా చదవడం, పదిహేను రోజులు కేంద్రం గోడ మీద అతికించడం కలిపితే అబద్ధం నిలవదు. మూడో అభ్యంతరం ఆర్థికవేత్తలది, బలమైనది. సాయం కౌలు రైతుకు ఇస్తే యజమాని ఆ మేర కౌలు పెంచుతాడు కదా అంటారు. భూమి కోసం పోటీ ఎక్కువ ఉన్న చోట ఎకరానికి ఇంత నగదు అని ఇచ్చే సాయం నిజంగానే కౌలులో కలిసిపోవచ్చు. అందుకే నగదు సాయం కన్నా నేను అడుగుతున్న నాలుగూ ముఖ్యం. పంట పోయిన తర్వాత వచ్చే పరిహారం, బీమా ముందే కౌలులో కలపడం కష్టం. నాలుగు శాతం వడ్డీ అప్పు, సీసీఐ కాటా దగ్గర పేరు, ఇవి కౌలు రైతును వ్యాపారి పట్టు నుంచి విడిపిస్తాయి, ఆ విడుదలను ఎవరూ కౌలుగా వసూలు చేయలేరు. నాలుగో అభ్యంతరం మానవీయమైనది. కౌలుకిచ్చేవారందరూ సంపన్నులు కారు. వయసు మీరిన దంపతులు, భర్తను పోగొట్టుకున్న స్త్రీలు, రెండెకరాల కౌలుతో గడిపేవారు ఉన్నారు. వారి కౌలును ఎవరూ తగ్గించమనడం లేదు. వారికి ఇప్పుడు అందుతున్న పీఎం కిసాన్‌ను లాక్కోమనీ అనడం లేదు. పంటతో ముడిపడిన సాయం పంట వేసినవారికి, భూమితో ముడిపడిన ఆదాయం భూమి ఉన్నవారికి అన్నదే సూత్రం.

మరో మాట కూడా వింటాం. ముందు నీళ్లు, ధర ఇవ్వండి, కౌలు సంగతి తర్వాత చూద్దాం అని. నీళ్ల పోరాటం ఆగకూడదు. సాగర్ చివరి ఆయకట్టు వాటా కోసం, వేదాద్రి ఎత్తిపోతల పూర్తి కోసం మనమంతా గొంతెత్తాలి. కానీ నీరు వచ్చినా బిందుసేద్యం పరికరాల రాయితీ పట్టాదారుకే అయితే, ఏడాది కౌలుకు తీసుకున్నవారు పైపులు వేయరు. ఎత్తిపోతల సంఘంలో ఓటు లేని సాగుదారుకు తూము వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం చెప్పే పచ్చిరొట్ట, పంట మార్పిడి, నేల ఆరోగ్యం అన్నీ మూడునాలుగేళ్లకు ఫలితమిచ్చే పనులు. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు వాటి మీద రూపాయి పెట్టడు. నీరు, ధర, నేల ఈ మూడు విధానాలూ సాగుదారు దగ్గరే ఆగిపోతున్నాయి. అందుకే ఆ ముడి ముందు విప్పాలి.

నా సూచనలు క్లుప్తంగా చెబుతాను. పంట సాగుదారు హక్కుల చట్టంలో యజమాని సంతకం బదులు నోటీసు, గ్రామసభ ధ్రువీకరణ పెట్టాలి. ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు లేని పొలం నమోదు పూర్తయినట్టు లెక్కించకూడదు. వరద నష్టం, బీమా, ప్రభుత్వ కొనుగోలు, ధర వ్యత్యాసం ఆ పేరు మీదే చెల్లించాలి. పంట సగానికి మించి పోయిన ఏడాది మక్తాలో కొంత తగ్గించే మాట నమూనా ఒప్పందంలోనే ఉండాలి. ప్రతి బ్యాంకు శాఖ తన పంట రుణాల్లో హక్కు పత్రం మీద, కౌలు రైతుల ఉమ్మడి బాధ్యతా బృందాల ద్వారా ఎంత ఇచ్చిందో మండలంలో బహిరంగంగా ప్రకటించాలి. సుబాబుల్ మార్కెట్ కమిటీ కాటా మీదే అమ్ముడై, కాటా పడ్డ వారంలోగా డబ్బు చేతికి రావాలి. వీటిలో కొత్త శాఖ పెట్టవలసినది ఒక్కటీ లేదు. కావలసిన రికార్డూ, సిబ్బందీ, కేంద్రమూ ఊళ్లో ఇప్పటికే ఉన్నాయి.

ఈ సభలో భూమి ఉన్నవారూ ఉన్నారు, ఇతరుల భూమి దున్నేవారూ ఉన్నారు. యజమానులైన పెద్దలకు నా విన్నపం ఒక్కటే. చట్టం మారేదాకా ఆగవద్దు. ఈ ఖరీఫ్‌లో మీ చేను దున్నుతున్నవారి హక్కు పత్రం మీద సంతకం పెట్టండి. పదకొండు నెలల తర్వాత ఆ భూమి నూటికి నూరుపాళ్లూ మీదే అని 2019 చట్టం మీకు హామీ ఇస్తోంది. కౌలు రైతులకు నా మాట, ఈ-క్రాప్ గడువు లోపల పేరు రాయించుకోండి, ఒక్కరుగా పోవద్దు, ఊరంతా కలిసి వెళ్లండి. శాసనసభ్యులకు, అధికారులకు ఈ వేదిక నుంచి గట్టిగా అడుగుతున్నాను. పంట ఎవరు వేశారో ఆ పేరు రాయండి, ఆ పేరుకే సాయం చేర్చండి. నందికొండ నీటిని చేల దాకా తెచ్చిన తరం రుణం తీర్చుకోవడానికి మన తరం చేయవలసిన పని ఇదే.